బేకరీ ట్రేలో వరినారు

భయపడటంలో నాకు చిన్నప్పట్నుంచీ మంచి పేరుంది. ఇంట్లో బల్లి మీద పడితే కెవ్వుమనేది నేను, బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే కడుపునొప్పి తెచ్చుకునేది నేను, రైలెక్కాక టిక్కెట్టు కనబడక సంచీ అంతా బోర్లించేది నేను. టిక్కెట్టు చేతిలోనే ఉండేది. ఆ భయాలన్నీ ఒక ఎత్తు, తార్నాకలో బీఎడ్ ఫైనల్ లెసన్ ముందు పడ్డ భయం ఒక్కటీ ఒక ఎత్తు. తొంభైలు చివరికొస్తున్న రోజులు. యూనివర్సిటీ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్లో ఉండి చదువుతున్నాను.

ఫైనల్ లెసన్ అంటే తెలియని వాళ్ళు అదృష్టవంతులు. ఏడాదంతా దగ్గర్లోని ఏదో ఒక బడికి పంపి మన చేత పాఠాలు చెప్పిస్తారు. చివర్లో ఒక రోజు, ఎక్కడో వేరే ఊరి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆయన ముందు పిల్లలకి ఒక పాఠం చెప్పి చూపించాలి. రాతపరీక్షలో తప్పు రాస్తే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇక్కడ నోరు జారితే జారినట్టే, పిల్లలందరూ సాక్షులు.

నాకు అందులో గట్టెక్కకపోతే దారి లేదు. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. నాన్నగారు చర్చి బడిలో పంతులు, ఆదివారాలు సంఘంలో ప్రార్థన నడిపించేవారు. నన్ను హైదరాబాదు పంపేటప్పుడే చెప్పారు, ఒక్క ఏడాదేనమ్మా, పాసైతే టీచరువి, లేకపోతే వచ్చేసి తమ్ముణ్ణి చదువుకోనియ్యి అని. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని. మెల్లగా అనేసరికి ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది.

నా రూమ్మేట్ కరీంనగర్ వైపు అమ్మాయి. దానికి భయమనేదే తెలియదు. నేను పొద్దున్నే అద్దం ముందు నిలబడి "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అని ప్రాక్టీసు చేస్తుంటే దుప్పట్లోంచి తల బయటికి పెట్టి, "ఏందే, నీది ఫైనల్ లెసనా, ఉరిశిక్షనా?" అనేది. కానీ ఎగ్జామినర్ గురించి కథలు మోసుకొచ్చేది కూడా అదే. ఈసారి వచ్చేవాడు రైతు కుటుంబంలో పుట్టినవాడట. పోయినేడు ఒకామె అట్టముక్కతో నాగలి చేసి తెస్తే, దీంతో దున్ని చూపించమ్మా అన్నాడట. ఆమె అక్కడే ఏడ్చిందట. ఆ కథ విన్నాక నాకు అన్నం దిగలేదు. నేను ఎంచుకున్న పాఠం వరిసాగు మరి.

ఎందుకు ఎంచుకున్నానంటే, అదొక్కటే నాకు భయం లేని సంగతి. పుట్టింది వరిచేల మధ్య, పెరిగింది అమ్మమ్మ వెనకాల గట్ల మీద. పైగా పాఠం ఎలా చెప్పాలో మాకు నేర్పే మెథడ్ మేడం ఒక నియమం పెట్టింది. వ్యవసాయం చెబితే పిల్లల చేతులకి పని ఉండాలి, చార్టు చూపించి వల్లె వేయిస్తే సంతకం పెట్టను అని. సరే, తరగతి గదిలోనే నాట్లు వేయిద్దామనుకున్నాను. తార్నాక చౌరస్తాలోని బేకరీ ఆయన్ని బతిమాలి రెండు పాత రేకు ట్రేలు తెచ్చాను. ఒకదాంట్లో నారుమడి, ఒకదాంట్లో నీళ్ళు పెట్టి బురదగా దమ్ము చేసిన పొలం. పిల్లలు కొందరు నారు పీకుతారు, కొందరు దారం పట్టుకుని వరస చూపిస్తారు, కొందరు నాటుతారు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మేడం కూడా మొదటిసారి నా వైపు చూసి తలూపింది.

బడి తార్నాకలో, మెయిన్ రోడ్డుకి లోపలగా ఒక సందులో ఉండేది. నాకిచ్చింది ఏడో తరగతి. లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలు, వాటి వెనకాల చిన్న గదుల్లో అద్దెకుండే కూలీల పిల్లలు, అడిక్‌మెట్ నుంచి నడిచొచ్చేవాళ్ళు. మొదటి రోజు బియ్యం ఎక్కడినుంచి వస్తాయని అడిగితే ఒకడు కంట్రోల్ షాపు నుంచి అన్నాడు. నవ్వాను గానీ, వాడన్నదాంట్లో అబద్ధం ఏముంది? తర్వాత ఒక రోజు చెంబులో ఉప్పునీళ్ళు కలిపి గుప్పెడు వడ్లు పోయించాను. తేలినవి తాలు, మునిగినవి విత్తనానికి పనికొచ్చేవి. పిల్లలు చెంబు చుట్టూ మూగి, మునగని గింజల్ని ఫెయిల్ ఫెయిల్ అని అరిచారు. నాకు ఆ మాట వినగానే ఒళ్ళు జలదరించింది. పిల్లలకేం తెలుసు?

ఆ గుంపులో ఒక పిల్ల అరవలేదు. సన్నగా, ఎప్పుడూ రెండు జడలు బిగించి కట్టుకుని వచ్చేది. తేలిన తాలుని అరచేత్తో ఒడుపుగా పక్కకి నెట్టి, అడుగున ఉన్న గింజల్ని గుడ్డలో పోసి మూట కట్టింది. చెప్పకుండానే చేసింది. ఎక్కడ నేర్చుకున్నావంటే తల దించుకుంది. వాళ్ళు జనగామ వైపు పల్లె నుంచి కిందటేడే వచ్చారని, వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపు దగ్గర హమాలీ పని చేస్తాడని క్లాసు టీచరు చెప్పింది. ఆ పిల్లని నాకు దేవుడిచ్చిన సహాయం అనుకున్నాను. ఆ రోజు నుంచీ మట్టి పనులన్నీ దానికే చెప్పేదాన్ని.

మొదటిసారి నారు హాస్టల్ కిటికీలో పోశాను. మొలక బాగానే వచ్చింది. రెండాకులు వేసేలోపు పావురాలు పడి ఒక్కటి మిగల్చకుండా పీకి పోశాయి. ఖాళీ ట్రే పట్టుకుని బడికి వెళ్ళి, పిల్లలు ఇంటర్వెల్‌కి పోయాక వరండాలో కూర్చుని ఏడ్చాను. చిన్న ఏడుపు కాదు, వెక్కిళ్ళతో. నీళ్ళ సీసా తెచ్చిచ్చింది ఆ పిల్లే. దాని ముందు, ఎవరితో మాట్లాడుతున్నానో కూడా చూసుకోకుండా, ఈసారి కూడా నారు పోయిందంటే నేను బతకను, ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతాను అన్నాను. భయం వేసినప్పుడు నా నోట్లోంచి వచ్చే మాటలే అవి. చచ్చాను, పోయాను, నా పని అయిపోయింది. మా ఇంట్లో వాటిని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఆ పిల్ల సీసా మూత చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

రెండోసారి బడి వరండాలోనే పోశాం. క్రిస్మస్‌కి ఇంటి నుంచి తెచ్చుకున్న వడ్లలో చివరివి అవే. ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు చిలకరించేది. నారు జానెడు ఎత్తు లేచింది, చిలకపచ్చగా, చూస్తే కడుపు నిండేట్టు. ఈలోపు ఫైనల్ లెసన్ తేదీ వచ్చింది. మా బ్యాచ్‌లో అందరూ చేసే పనే నేనూ చేశాను. అదే పాఠాన్ని అదే పిల్లలకి ముందే చెప్పేసి, జవాబులు నేర్పించేశాను. చాక్లెట్లు పంచి మరీ చెప్పాను, సార్ వచ్చి నారు చూపించి ఇదేంటి అని అడిగితే అందరూ కలిసి "వరినారు సార్" అనాలి అని. నాలుగుసార్లు అనిపిస్తే గోడలు అదిరిపోయాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మమ్మ అనేది. మనం వినం కదా.

లెసన్‌కి ముందు వరసగా సెలవులొచ్చాయి. రెండో శనివారం, ఆదివారం, ఆ మర్నాడు శివరాత్రి. బడికి తాళం వేస్తే నారు ఎండిపోతుంది. హాస్టల్‌కి తీసుకుపోతే పావురాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పిల్ల ముందుకొచ్చి మా ఇంట్ల పెట్టుకుంట టీచర్ అంది. వాళ్ళిల్లు లాలాగూడలో రైలుపట్టాలకి దగ్గర్లోనే. ట్రే మీద తడిగుడ్డ కప్పి, వాళ్ళ నాన్న భుజమ్మీద పెట్టుకుని తీసుకుపోయాడు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆగలేక వాళ్ళింటికి వెళ్ళాను. ప్రార్థనలో కూడా నాకు ఆ ట్రేయే కనబడింది, ఇక దాచేదేముంది. గది ముందు చిన్న వాకిలి, పక్కింటి వాళ్ళ మేక ఒకటి గుంజకి కట్టేసి ఉంది. ఆ పిల్ల గడపలో అడ్డంగా నిలబడింది. లోపలికి రమ్మనలేదు. నారు ఎలా ఉందంటే మంచిగున్నది టీచర్ అంది. చూస్తానంటే, ఎండ తాకొద్దని మూలకు పెట్టిన, మా అమ్మ పండుకున్నది అంది. చేతులు వెనక్కి పెట్టుకుని ఉంది. నిండా నీళ్ళు పొయ్యకు, కుళ్ళిపోతుంది అని చెప్పి వచ్చేశాను. తార్నాక దాకా నడుస్తున్నంతసేపూ ఏదో తేడాగా అనిపిస్తూనే ఉంది. వెనక్కి వెళ్ళి చూద్దామనుకున్నాను. వెళితే ఏం కనబడుతుందోనని భయపడి వెళ్ళలేదు.

లెసన్ రోజు పొద్దున క్యాంపస్‌లోంచి నడిచొస్తుంటే చెట్లూ రోడ్డూ ఏవీ కంటికి ఆనలేదు. చీర కుచ్చిళ్ళు రెండుసార్లు ఊడాయి. రూమ్మేట్ పక్కనే నడుస్తూ, ఏం కాదే, అయితది, ఊకో అంటూనే ఉంది. వరసలో నాది మూడో లెసన్. ముందు ఇద్దరున్నారు కదా, ట్రేలు తర్వాత సర్దుకోవచ్చనుకున్నాను. బడి గేటు దగ్గరే మా మేడం ఎదురొచ్చి, ఎగ్జామినర్ గారు వ్యవసాయం పాఠం ముందు చూస్తానంటున్నారు, పద అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

క్లాసులోకి వెళ్ళేసరికి ఆయన వెనక బెంచీలో కూర్చునే ఉన్నాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చెయ్యని తెల్ల చొక్కా, కాళ్ళకి చెప్పులు. నా లెసన్ ప్లాన్ తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు. పిల్లలు కర్రల్లా బిగుసుకు కూర్చున్నారు. నారు ట్రే బల్ల మీద ఉంది, తడిగుడ్డ కప్పి. ముందు బెంచీలో ఆ పిల్ల తల ఎత్తలేదు.

గుడ్ మార్నింగ్ అయింది. పోయిన పాఠం గురించి రెండు ప్రశ్నలు అయ్యాయి. తాలు గింజ గురించి బాగానే చెప్పారు. ఇప్పుడు నారుమడి చూద్దాం అని గుడ్డ తీశాను.

పచ్చగానే ఉంది. ఒత్తుగానే ఉంది. కానీ అది వరి కాదు.

నేను చెబితే నమ్మరు, ఒక్క చూపులో తెలిసిపోయింది. చిన్నప్పుడు అమ్మమ్మ చేలో కలుపు తీసేటప్పుడు వరిమొక్కని పీకి ఊదమొక్కని వదిలేస్తే వేళ్ళ మీద కొట్టేది. రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఊదకి మొదలు దగ్గర ఎర్రటి చాయ ఉంటుంది, ఆకు కాడని పట్టుకున్న చోట నున్నగా ఉంటుంది. వరికి అక్కడ చిన్న పొరా, నూగులాంటి వెంట్రుకలూ ఉంటాయి. ట్రే నిండా ఎర్ర మొదళ్ళు. మోరీ పక్కన, మురుగునీళ్ళలో మొలిచే గడ్డి.

బల్ల అంచు పట్టుకున్నాను. ఆ పిల్ల వైపు చూశాను. అది కూడా అప్పుడే తలెత్తింది. నేను ఎంతోమంది భయాలు చూశాను, నా భయం అద్దంలో రోజూ చూశాను. అలాంటి మొహం మాత్రం చూడలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. నా వైపే రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

ఆపితే ఫెయిల్. ఆపకుండా నడిపించేస్తే ఒకవేళ ఆయన గమనించకపోవచ్చు. పాపిష్టి ఆలోచన, కానీ అదే వచ్చింది. పిల్లల్ని పిలిచాను, దారం పట్టించాను, నారు పీకించాను. పిల్లలు ముద్దుముద్దుగా ఊదగడ్డిని వరసలు కట్టి నాటుతున్నారు. నేను నాటు లోతు గురించి, వరసల మధ్య దూరం గురించి ఏదో చెబుతున్నాను. వెనక బెంచీ కిర్రుమంది.

ఆయన లేచి మెల్లగా ముందుకొచ్చాడు. ట్రే మీదికి వంగాడు. ఒక మొక్క పీకి, వేళ్ళ మట్టి దులిపి, మొదలు దగ్గర బొటనవేలితో ఒకసారి రాశాడు. ఆ రాయడంతోనే నాకు అర్థమైపోయింది. ఆయన మొక్కని పైకెత్తి పిల్లల్ని అడిగాడు, ఇదేంటి?

"వరినారు సార్!" గోడలు అదిరిపోయాయి.

ఆయన పిల్లల్ని చూడలేదు. నన్ను చూశాడు. ఔనంటే ఏమవుతుందో తెలియదు. కాదంటే ఏమవుతుందో తెలుసు. నలభై మంది ఏడో తరగతి పిల్లలు ఊదని వరి అనుకుంటూ నన్ను చూస్తున్నారు. అది ఊదని తెలిసింది నాకు కాక ఆయనకీ, ఆ పిల్లకీ. మా అమ్మమ్మ వేళ్ళ మీద కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. అబద్ధం చెప్పటానికి కూడా ధైర్యం కావాలి, నాకు అదీ లేకపోయింది.

"కాదు," అన్నాను. "ఇది వరి కాదు. ఊద. కలుపు మొక్క."

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు బెంచీలో ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి, చప్పుడు లేకుండా. ఇప్పుడు ఆయన, ఇదెలా వచ్చిందని అడుగుతాడు. దానివైపు వేలు చూపించాలి. అంతకుముందే నా నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది. నేనే తెప్పించాను సార్, వరిలాగే ఉండి ఎలా మోసం చేస్తుందో పిల్లలకి చూపిద్దామని. ఇందాక లేదన్న ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఆయన లెసన్ ప్లాన్ తెరిచాడు. పేజీ తిప్పాడు. అందులో కలుపు అన్న మాటే లేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

"మరి వరి ఎక్కడుందమ్మా? పోల్చి చూపించడానికి?"

అయిపోయింది అనుకున్నాను. నాన్నగారు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉత్తరం విప్పుతున్నట్టు కళ్ళకి కట్టింది.

"గీ మూలకున్నయ్ సార్," అంది ఆ పిల్ల. ఎప్పుడు లేచి వచ్చిందో. ట్రే మూలన ఊదగడ్డి పక్కకి తీసి చూపించింది. కొసలు తెగిన కొన్ని పొట్టి మొక్కలు, తింటుండగా లాగేసుకున్నట్టు. అసలు వరినారు. మిగిలిన వాటిని పారెయ్యకుండా మళ్ళీ నాటింది.

ఆయన దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండూ ఒక్క తీరుగనే ఉన్నాయి కదా, నీకెట్ల తెలుసు అని అడిగాడు. ఆయన మాటలో అప్పటిదాకా లేని పల్లె వినబడింది. అది ఒక వరిమొక్క తీసి ఆకు కాడ విప్పి, ఇక్కడ ముట్టుకో సార్, నూగుంటది, గడ్డికి ఉండది అని చెప్పింది. ఎవరు చెప్పారంటే మా చిన్నాయన చూపించిండు అంది.

ఆ తర్వాత పాఠం నా చేతుల్లో లేదు. పిల్లలందరూ లేచొచ్చేశారు. నాకియ్యి, నాకు చూపియ్యి అని తోసుకుంటూ, ఒక్కొక్కరు రెండు మొక్కల్నీ వేళ్ళతో రాసి చూస్తున్నారు. నేర్పించిన జవాబులు అన్నీ గాలికి పోయాయి. దారం తెగింది. ట్రేలో బురద బల్ల మీదికి వచ్చింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఎప్పుడు గంట కొడతారా అని చూస్తున్నాను. గంట కొట్టాక ఆయన ప్లాన్ మీద ఏదో రాసి, చేతి బురద రుమాలుతో తుడుచుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. కోపగించుకున్నాడో, ఏమనుకున్నాడో మొహంలో తెలియలేదు. తెలిస్తే కొంత నయమనిపించేది.

భయమంతా దిగి, దాని వెనకే కోపం వచ్చింది. నాకు అంతే, ఒకటి పోతే ఇంకొకటి. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళాను. మేక తిన్నదని అప్పుడే అర్థమైంది నాకు, ఆ తెగిన కొసలు చూడగానే. తిన్నదే పో, నాతో చెప్పడానికి నోరు రాలేదా? ఆదివారం ఇంటికే వచ్చాను కదా, గడపలో నిలబడి మంచిగున్నది అని ఎలా అనగలిగావు? వేరే ఏదైనా పాఠం చూసుకునేదాన్ని కదా? గొంతు తగ్గించి అన్నా, గట్టిగానే అన్నాను. అది ఏడవలేదు. ఏడుపు క్లాసులోనే అయిపోయినట్టుంది.

"మీరే అన్నరు గద టీచర్, నారు పోతే బతకనని," అంది. "మా చిన్నాయన గట్లనే అన్నడు. పత్తి పోతే బతకనని అన్నడు. అందరు నవ్విన్రు. తెల్లారి చేన్ల మందు తాగిండు."

వరండాలో ఎవరో బకెట్టు దించిన చప్పుడైంది.

"మోరీ కాడ గడ్డి పచ్చగున్నది. పచ్చగుంటే మీరు ఏం జెయ్యరని తెచ్చి పెట్టిన."

నెలన్నర నుంచీ నేను ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి భయపడుతూ తిరిగాను. ఈ పిల్ల మూడు రోజులు నా గురించి భయపడుతూ, పట్టాల పక్కన మోరీలో చెయ్యి పెట్టి గడ్డి పీకి ట్రేలో నాటింది. ఇందాక క్లాసులో ఊద అని నేను అన్నప్పుడు దాని మొహం ఎందుకు అలా అయిపోయిందో అప్పుడు తెలిసింది. దానికి ఎగ్జామినర్ ఎవరో, మార్కులేంటో పట్టలేదు. నేను ఏం చేసుకుంటానో అని చూస్తోంది. ఆ మొహాన్ని ఇప్పటికీ మర్చిపోలేను.

కింద కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాను. బురద ఇంకా ఆరలేదు. నేనేం చేసుకోను, ఫెయిలైతే మళ్ళీ రాస్తాను, అంతే, అన్నాను. వాళ్ళ చిన్నాయన కూడా అలాగే చెప్పి ఉంటాడో ఏమో, నమ్మలేదు.

"ఒట్టు పెట్టున్రి," అంది.

మా ఇంట్లో ఒట్లు లేవు. ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతకు మించింది పాపం అని నాన్నగారు చిన్నప్పుడే చెప్పి పెంచారు. ఆటల్లో కూడా ఒట్టు అన్నామంటే ఆ పూట మాతో మాట్లాడేవారు కాదు. నేను ఆ పిల్ల తల మీద, రెండు జడల మధ్య పాపిట మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అది కళ్ళు మూసుకుని నిలబడింది.

ఫలితాలు రావడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ భయపడ్డాను, అది మానలేదు. కానీ చచ్చాను, పోయాను అన్న మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. రూమ్మేట్ గమనించి, ఏందే, మస్తు సుధారించినవ్ అని నవ్వింది. పాసయ్యాను. గొప్ప మార్కులేం కాదు, అందరికీ వచ్చినట్టే వచ్చాయి. ఆయన ప్లాన్ మీద ఏం రాశాడో నేను ఎప్పుడూ చూడలేదు.

ఊరెళ్ళే ముందు బేకరీ ట్రేలు తీసుకోవడానికి బడికి వెళ్ళాను. ఇంటర్వెల్. పిల్లలు గ్రౌండులో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఆ పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ గేటు వైపు చూసి ఆగింది. నేను లోపలికి అడుగు పెట్టేదాకా కదలలేదు. పక్కనున్న పిల్ల భుజం తట్టి నన్ను చూపించింది.

"చూసినవా," అంది. "ఉన్నది."

తర్వాత మళ్ళీ ఒంటికాలు ఎత్తి, ఆట ఎక్కడ ఆపిందో అక్కడినుంచి గెంతుకుంటూ పోయింది.